మొనీక్ గారి నొప్పికి రెండు మార్కులు

2023 ఏప్రిల్. నార్త్ కరోలినాలో క్యారీ అనే ఊరు. పెద్దాసుపత్రి ఆవరణలోనే ఉన్న మెడికల్ బిల్డింగ్‌లో కింది అంతస్తు మా ఫిజికల్ థెరపీ క్లినిక్. ఏప్రిల్ వచ్చిందంటే ఇక్కడ పైన్ చెట్ల పుప్పొడి కార్ల మీద పసుపు చల్లినట్టు పడుతుంది. చలికాలమంతా సోఫాలకి అతుక్కుపోయిన జనం ఒక్కసారిగా తోటపనికీ టెన్నిస్‌కీ దిగి, నడుములు పట్టేసుకుని మా దగ్గరికి వస్తారు. మాకది పెళ్ళిళ్ళ సీజన్ లాంటిది.

నేను విజయవాడలో ఫిజియోథెరపీ చదివి, ఇక్కడికొచ్చి మళ్ళీ పరీక్షలు రాసి లైసెన్స్ తెచ్చుకున్నదాన్ని. ఈ పనిలో పేషెంట్‌ని మొట్టమొదట అడిగేది పెయిన్ స్కేల్. సున్నా అంటే నొప్పి లేనే లేదు, పది అంటే అంతకంటే పెద్ద నొప్పి ఊహకి కూడా అందదు, మరి మీది ఎంత? ఇదీ ప్రశ్న. మన అంకుల్స్‌లో కొందరు "పదికి పన్నెండమ్మా" అంటారు, ఆ వెంటనే ఫోన్‌లో వచ్చిన జోకు చూసి పకపకా నవ్వుతారు. అమెరికావాళ్ళలో "నాలుగున్నర" అని దశాంశాలతో చెప్పేవాళ్ళున్నారు. ఎవరి లెక్క ఎంత తగ్గించాలో, ఎవరిది ఎంత పెంచాలో ఇన్నేళ్ళలో నాకు బాగానే పట్టుబడిందనుకునేదాన్ని. ఆ నమ్మకం ఒక్క పూటలో ఎలా పోయిందో చెప్తాను. పేషెంట్ ఒప్పుకున్నారు కాబట్టే రాస్తున్నాను. పేర్లూ, కొన్ని ఆనవాళ్ళూ మార్చాను.

ఆ రోజు పొద్దున్న వచ్చినావిడ పేరు మొనీక్ అనుకుందాం. డెబ్భై అయిదేళ్ళ ఫ్రెంచి మనిషి. బక్కపల్చగా, పొడుగ్గా ఉన్నారు. కురచగా కత్తిరించిన తెల్లజుట్టు, చూపుడువేలికి గిరగిరా తిరుగుతున్న కారు తాళాలు. కొంచెం కుంటుతున్నారు, అంతే. వెనకాల మొహమాటంగా నడిచొచ్చినాయన్ని చూడగానే మన తెలుగాయనే అని తెలిసిపోయింది.

"మా అత్తగారండీ," అన్నాడు. పేరు కిరణ్, ఖమ్మం దగ్గర ఊరు. "మా మిసెస్ ఫ్రెంచ్. ఆమె కాన్ఫరెన్స్‌కి బోస్టన్ పోయింది, అందుకని నేను లీవ్ పెట్టి వచ్చిన. కార్ కూడా అత్తగారే డ్రైవ్ చేసిన్రు. నన్ను చెయ్యనియ్యలే."

ఫ్రెంచి అత్తగారు, తెలుగు అల్లుడు. నాకు భలే సరదా అనిపించింది. ఫ్యామిలీ డాక్టర్ పంపిన రిఫరల్ చూశాను: ఎడమ తుంటి నొప్పి, బహుశా ఆర్థరైటిస్, ఎక్సర్‌సైజులు చేయించగలరు. ఇలాంటివి రోజుకి నాలుగు వస్తాయి. నా ప్రశ్న నేను అడిగాను.

"రెండు," అన్నారు మొనీక్ గారు.

ఆవిడ మాట్లాడేది ఫ్రెంచి యాస ఇంగ్లీషు. నేను తెలుగులో రాస్తున్నాను.

"ఎప్పటినుంచి?"

"మూడు వారాలు. మనవరాలి టీమ్ ప్రాక్టీసులో గుర్తుకి పెట్టిన ప్లాస్టిక్ కోన్లు ఏరుతుంటే తడిగడ్డి మీద కాలు జారింది. పడ్డాను, లేచాను. అంతే."

"ఆమె ఫుట్‌బాల్ ప్లేయర్ అండీ," అన్నాడు కిరణ్, గర్వం దాచుకోలేక. "అంటే ఇక్కడ సాకర్ అంటరు కదా. ఫ్రాన్స్‌లో మధ్యల బంద్ అయిన లేడీస్ ఫుట్‌బాల్ మళ్ళీ స్టార్ట్ అయినప్పటి ఫస్ట్ బ్యాచ్. తర్వాత క్లబ్‌కి ప్రెసిడెంట్ కూడా చేసిన్రు."

మోకాళ్ళు వంచి కొలతలు తీసుకుంటుంటే ఆవిడే చెప్పుకొచ్చారు. ఉత్తర ఫ్రాన్సులో నూలు మిల్లుల ఊరు. ఆవిడకి అప్పుడు ఇరవై, మిల్లులో పని. ఊరి తిరునాళ్ళలో జనాన్ని నవ్వించడానికి ఏటా ఏదో ఒక తమాషా పెట్టేవారట. ఒక ఏడు గాడిదల పందెం పెట్టారు. మరుసటి ఏడు ఆడవాళ్ళ ఫుట్‌బాల్ పెట్టారు.

"మా గోల్‌కీపర్‌కి బంతి కడుపులో తగిలి చతికిలబడింది," అన్నారు. "ఆట అయ్యేదాకా జనం నవ్వుతూనే ఉన్నారు. తర్వాత బట్టలు మార్చుకునే గదిలో మా కెప్టెన్ లేచి నిలబడి ఒక రూలు పెట్టింది. ఇకమీదట మనలో ఎవరూ గడ్డి మీద పడుకోకూడదు. పడితే లేవాలి. కాలు విరిగితే గీత దాటి బయటికి నడిచి వెళ్ళి, అక్కడ విరగ్గొట్టుకోవాలి."

నేను నవ్వాను. ఆవిడా నవ్వారు.

ఊరు తమాషాకి మొదలుపెట్టినదాన్ని ఈ అమ్మాయిలు వదల్లేదు. మొదట్లో పదకొండు మందే. మార్చడానికి పన్నెండో మనిషి లేదు. మగవాళ్ళకి అక్కర్లేని వేళల్లోనే మైదానం ఇచ్చేవారు. ఒక్కర్తి కుంటుతూ బయటికొచ్చినా "మేం ముందే చెప్పాంగా" అనడానికి ఊరంతా సిద్ధంగా ఉండేది. మొనీక్ గారు పన్నెండేళ్ళు ఆడి, అదే క్లబ్‌కి సెక్రటరీ అయ్యి, తర్వాత చాలా ఏళ్ళు ప్రెసిడెంటుగా చేశారు. మేయరు గది బయట బల్ల మీద కూర్చుని మైదానం సాధించడం, ఆడపిల్లల తండ్రుల్ని ఒప్పించడం, బస్సు మాట్లాడటం అన్నీ ఆవిడే. "ప్రెసిడెంట్ అంటే ఏమిటనుకున్నావు? బురద జెర్సీలు ఉతికే మనిషి," అన్నారు. భర్త పోయాక కూతురున్న క్యారీకి వచ్చి, ఇక్కడి పిల్లల లీగ్ షెడ్యూళ్ళన్నీ చేతిలోకి తీసుకున్నారు.

కబుర్లు వింటూనే ఎడమకాలిని మెల్లగా లోపలివైపు తిప్పాను. ఆవిడ మొహంలో గీత కూడా కదల్లేదు. చెయ్యి మాత్రం బల్ల అంచుని గట్టిగా పట్టుకుంది. నొప్పి రెండైతే చెయ్యి అలా బిగుసుకోదు. నవ్వడం ఆపి స్టెతస్కోపు అందుకున్నాను.

పెర్కషన్ టెస్ట్ అని పాత పద్ధతి ఒకటుంది. పొత్తికడుపు కింద, ముందువైపు ఎముక మీద స్టెతస్కోపు పెట్టి, మోకాలిచిప్ప మీద వేలితో కొడతాం. ఎముకలన్నీ సరిగ్గా ఉంటే చప్పుడు తొడ ఎముక గుండా ప్రయాణించి ఖణీమని వినిపిస్తుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అదే. యంత్రాలు వచ్చాక దీన్ని వాడేవాళ్ళు తగ్గిపోయారు. నాకు మా కాలేజీలో ఒక మేడమ్ నేర్పించారు కాబట్టి అలవాటు పోలేదు.

కుడికాలి మీద కొట్టాను. ఖణీమంది. ఎడమకాలి మీద కొట్టాను. పగిలిన కుండ.

మళ్ళీ కొట్టాను. కుడి, ఎడమ, కుడి, ఎడమ. స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను. తేడా నా చెవుల్లో లేదు. నిర్ఘాంతపోయాను. ఈవిడ కారు నడుపుకుంటూ వచ్చారు. పార్కింగ్ లాట్ దాటి, చేతికర్ర కూడా లేకుండా, తాళాలు తిప్పుకుంటూ వచ్చారు.

"అయిపోయిందా? ఇక సైకిల్ తొక్కించు," అంటూ మొనీక్ గారు రెండు కాళ్ళూ బల్ల కిందికి వేశారు.

"ఆగండి!" అని అరిచాను. తెలుగులో అరిచాను. క్లినిక్‌లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆవిడకి తెలుగు ముక్క రాదు, అయినా ఉన్నచోటే ఆగిపోయారు.

సంగతి ఇద్దరికీ చెప్పాను. తొడ ఎముకకి పైన గుండ్రటి తల, దాని కింద సన్నటి మెడ ఉంటాయి. తలకి రక్తం చాలావరకు ఆ మెడ మీదుగానే వెళ్ళాలి. మెడ దగ్గర బీటపడినట్టు నాకు అనుమానం. బీట బీటగా ఉన్నంతవరకు స్క్రూలు వేసి కాపాడొచ్చు. కాలు కింద పెట్టినప్పుడు ఆ ఎముక పక్కకి జరిగిందా, రక్తం ఆగి ఎముక తల చచ్చిపోతుంది. తర్వాత మొత్తం తుంటి మార్చాలి, ఈ వయసులో మునుపటిలా నడుస్తారన్న నమ్మకం ఉండదు. ఇప్పటినుంచి ఆ కాలి మీద ఒక్క అడుగు కూడా పడకూడదు.

కిరణ్ కుర్చీలోంచి లేచాడు. నన్ను పక్కకి పిలిచి, తలొంచుకుని చెప్పాడు.

"ఇంట్ల మెట్లు కూర్చొని ఎక్కుతుండె అండీ. వెనక్కి తిరిగి, ఒక్కొక్క మెట్టు మీద కూర్చుంట. నేను చూసిన. చూసి, చూడనట్టు పక్కకు తిరిగిన."

"అడగలేదా?"

"అత్తగారిని తుంటి గురించి ఎట్ల అడుగుతం అండీ? మా అమ్మమ్మ అయితే మా నాన్న ఉన్న రూమ్‌లకే వచ్చేది కాదు."

"మీ మిసెస్‌కైనా చెప్పొచ్చుగా?"

"చెప్తె, నేను చూసినట్టు అత్తగారికి తెలుస్తది కదా. ఆమె ఫీల్ అయితరని..."

ఒళ్ళు మండిపోయింది. పదిహేనేళ్ళు అమెరికాలో ఉండి, ఫ్రెంచి అమ్మాయిని పెళ్ళి చేసుకుని, ఈయన పట్టుకొచ్చిన మర్యాద ఇదా! కానీ తిట్టడానికి నోరు రాలేదు. మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు మా ఆయన ముందు కాలు చాపుకుని కూర్చోలేక రెండు నెలలు అవస్థ పడింది. మన ఇళ్ళ సంగతి నాకు తెలియంది కాదు.

వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి నేనే ఆవరణ దాటించి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాను. ఎక్స్‌రే తీశారు. ఏమీ కనపడలేదు. సన్నటి బీటలు ఎక్స్‌రేకి దొరక్కపోవడం మామూలే, వాటికి ఎమ్ఆర్ఐ చెయ్యాలి. కుర్ర డాక్టరు, మర్యాదస్తుడు. మంచం పక్కకొచ్చి మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు. కిరణ్ అత్తగారి హ్యాండ్‌బ్యాగ్ గుండెకి హత్తుకుని ఆ పక్కనే నిలబడి ఉన్నాడు.

"రెండు," అన్నారు మొనీక్ గారు.

"నడవగలుగుతున్నారా?"

"నడుస్తున్నానుగా."

డాక్టరు నావైపు తిరిగాడు. "మీ అనుమానం అర్థమైంది. కానీ ఎక్స్‌రే బాగుంది, నొప్పి రెండు, నడుస్తున్నారు. ఎమ్ఆర్ఐకి ముందు స్ట్రోక్ పేషెంట్లున్నారు. నొప్పికి టైలెనాల్ మాత్రలిచ్చి ఇంటికి పంపుదాం. వచ్చే వారం బయట స్కాన్ చేయించుకోవచ్చు."

ఆయన దగ్గరున్న వివరాలతో చూస్తే ఆయన తప్పేం లేదు. నా దగ్గరున్నదల్లా ఒక చప్పుడు. వచ్చే వారం లోపల ఆవిడ ఎన్ని మెట్లు ఎక్కుతారు, ఎన్నిసార్లు కారెక్కుతారు? భార్యకి ఫోన్ చేస్తానని కిరణ్ బయటికి వెళ్ళాడు. నేను కర్టెన్ లాగాను.

"మొనీక్ గారూ, అబద్ధం ఎందుకు చెప్తున్నారు?" అన్నాను. పేషెంట్‌తో మాట్లాడాల్సిన గొంతు కాదది.

"అబద్ధం కాదు. లేచి నిలబడగలిగితే రెండు."

"మరి పది అంటే ఏమిటి?"

ఆవిడ పైకప్పు వైపు చూశారు. "సిల్వీ," అన్నారు.

సిల్వీ వాళ్ళ క్లబ్‌లో పదిహేడేళ్ళ పిల్ల. మొనీక్ గారు అప్పటికి సెక్రటరీ. ఒక మ్యాచ్‌లో అవతలి పిల్ల బూటు సిల్వీ పిక్కకి బలంగా తగిలింది. పడింది, రూలు ప్రకారం లేచింది, చివరిదాకా ఆడింది. అయ్యాక మొనీక్ గారు తనే ఊళ్ళో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. "ఎలా ఉందమ్మా?" అంటే "పర్వాలేదు" అంది. డాక్టరు మాత్రలిచ్చి ఇంటికి పంపాడు. మర్నాటికి కాలు కొయ్యలా బిగుసుకుపోయింది.

నాకు వెంటనే అర్థమైంది. దీన్ని మేం కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటాం. కండరం వాచి, దాని చుట్టూ ఉన్న పొరలో చోటు చాలక, తన రక్తాన్ని తనే ఆపేసుకుంటుంది. కొన్ని గంటల్లో పొర కోసి ఒత్తిడి తీసెయ్యాలి. ఓర్చుకోలేనంత నొప్పి అది. ఆ నొప్పితో ఒక పిల్ల ముప్పావుగంట పరుగెత్తి, బస్సెక్కి, డాక్టరుతో పర్వాలేదంది.

"మోకాలి కింద తీసేశారు," అన్నారు మొనీక్ గారు. "వాళ్ళమ్మ నన్ను ఒక్క మాటనలేదు. డాక్టరుకి చూపించినందుకు థాంక్స్ చెప్పింది."

నా కోపం ఎటుపోయిందో తెలియదు.

"ప్రెసిడెంట్ అయ్యాక మొదటిరోజే ఆ రూలు తీసేశాను," అన్నారు. "నొప్పిగా ఉందా అని ఏ పిల్లనీ అడగొద్దన్నాను. అడిగితే అబద్ధమే చెప్తారు. నిలబడి సాక్సు వేసుకోమనేదాన్ని. దెబ్బ తగిలిన పిల్ల కూర్చోవడానికి బెంచీ వెతుక్కుంటుంది. వెతుక్కుందా, ఏడ్చినా తిట్టినా జెర్సీ విప్పించేదాన్ని. మ్యాచ్ పోతే పోయింది."

"మీ ఎడమకాలి సాక్సు మీరెలా వేసుకుంటున్నారు?" అని అడిగాను.

ఆవిడ నావైపు తిరిగి చూశారు. ఆ చూపు నేను మర్చిపోలేను. నొప్పి దాస్తుంటే ఇంతకాలం తను పట్టుకున్న అమ్మాయిల వరసలో తనూ నిలబడి ఉన్నట్టు అప్పుడే కనపడిందేమో.

"మూడు వారాలుగా వేసుకోలేదు," అన్నారు.

డాక్టరుని పిలిచాను. మొనీక్ గారు మోచేతుల మీద లేచి, క్లబ్ ఆఫీసులో మాట్లాడే గొంతుతో కాబోలు, తన గురించి తనే ఎవరో పరాయి మనిషి గురించి చెప్పినట్టు చెప్పారు. "డాక్టర్, ఈ మనిషిని నా టీమ్‌లో అయితే ఆడనివ్వను. రెండు అంది, నమ్మకండి. ఎడమకాలికి సాక్సు వేసుకోలేదు. మెట్లు కూర్చుని ఎక్కుతోంది. మంచం మీద పక్కకి తిరగాలంటే దుప్పటి కొరుకుతోంది. ఈమెని ఇంటికి పంపకండి."

ఆయన మారు మాట్లాడకుండా వెళ్ళి ఎమ్ఆర్ఐకి ఏర్పాటు చేశాడు. మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. మెడకి పైవైపున బీట, అదీ ఎముక పక్కకి జరిగిపోవడానికి ఎక్కువ అవకాశం ఉన్న చోట. "ఈవిడ కారు నడుపుకుంటూ వచ్చారా?" అని నన్ను రెండుసార్లు అడిగాడు. సర్జన్ ఆ పూటే స్క్రూలు వేశారు. ఎముక జరగలేదు. కాలు దక్కింది. వెయిటింగ్ రూములో ఆ మాట విన్న కిరణ్ ఆ హ్యాండ్‌బ్యాగ్‌లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

జూన్‌లో, ఇక్కడి వేసవి మొదట్లో, ఆవిడ మళ్ళీ మా క్లినిక్‌కి వచ్చారు, ఈసారి వాకర్‌తో, కూతురు డ్రైవ్ చేస్తే. కిరణ్ ఇప్పుడు రోజూ "అత్తగారూ, హిప్ ఎట్లుంది?" అని తెలుగులోనే అడుగుతాడట, సిగ్గుతో చచ్చిపోతూ. ఆ ప్రశ్న ఆవిడకి కంఠతా వచ్చేసింది. ఖమ్మం యాసలో నాకు అప్పజెప్పారు.

ఒకరోజు మంచం మీద కాలు ఎత్తిస్తుంటే ఆవిడే అన్నారు, "సిల్వీకి ఫోన్ చేశాను."

సిల్వీ అదే ఊళ్ళో ఉంది. కాలు పోయాక ఆమెకి క్లబ్ ఆఫీసులోనే పని ఇప్పించారట మొనీక్ గారు. ఒకే గదిలో, ఎదురెదురు బల్లల దగ్గర, ఇద్దరూ ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆ రోజు గురించి మాత్రం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

"డాక్టర్ అడిగితే పర్వాలేదని ఎందుకు చెప్పావు అని అడిగాను."

"ఏమన్నారు?"

"రూలు వల్ల అంటుందనుకున్నాను. కాదంది. 'డాక్టర్ అడిగినప్పుడు నా చెయ్యి పట్టుకుని ఉన్నది నువ్వే కదా మొనీక్. నీ ముందు ఎలా చెప్పను?' అంది."

ఎత్తిన కాలు ఎత్తినట్టే నా చేతుల్లో ఉండిపోయింది. ఎమర్జెన్సీ గదిలో ఆవిడ నోరు విప్పింది నా తెలివితేటల వల్లనో, నా కోపం వల్లనో అని అప్పటిదాకా లోపల్లోపల మురుస్తున్నాను. కిరణ్ ఫోన్ చేసుకోవడానికి బయటికి వెళ్ళకపోయి ఉంటే? ఆవిడ ఆ పూటే రెండు మార్కులతో ఇంటికి వెళ్ళిపోయి ఉండేవారు.

కాలేజీలో ఎక్కడ నొక్కాలో, ఎంత వంచాలో, ఏం అడగాలో నేర్పించారు. అడిగేటప్పుడు పక్కన ఎవరుండకూడదో ఎవరూ నేర్పించలేదు. ఇప్పుడు పేషెంట్‌తో వచ్చినవాళ్ళని ముందు బయట కూర్చోమంటాను. కొడుకైనా, కోడలైనా, ఎంత ప్రేమగలవాళ్ళైనా సరే. కొందరికి కోపం వస్తుంది. మా మేనేజర్‌కి కంప్లెయింట్లు కూడా వెళ్ళాయి.

మొన్న భుజం నొప్పితో ఒక ఆంటీ వచ్చారు. ఆమెకంటే ముందు అంకుల్ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. "మా ఆవిడకి ఇంగ్లీషు రాదమ్మా, నేను చెప్తాను. పెద్దగా ఏం లేదు, ఊరికే కంగారు," అన్నారు. "నాకు తెలుగు వచ్చు అంకుల్, మీరు బయట కాఫీ తాగండి," అన్నాను. ఆయన విసవిసా వెళ్ళిపోయారు. తలుపు వేసి వెనక్కి తిరిగేసరికి ఆంటీ ఏడుస్తున్నారు. నేనింకా ఏమీ అడగలేదు.